సిగ్నల్ లేని చోట ఫోన్: ఒలింపిక్ అడవి, రియాల్టో బీచ్, ఒక గంట తేడా

"ఒరేయ్, నీళ్లు దిగుతున్నాయా, ఎక్కుతున్నాయా?"

నాన్న ఇలా అడిగినప్పుడు నేను రాళ్ల మధ్య వంగి ఒక స్టార్‌ఫిష్‌ని మాక్రో మోడ్‌లో ఫొటో తీస్తున్నా. తల కూడా ఎత్తలేదు. ఫోన్ లాక్ స్క్రీన్ ఆయన వైపు తిప్పి, "ఇదిగో నాన్నా, లో టైడ్ 10:12. ఇప్పుడు టైమ్ 10:20. ఇంకా గంటన్నర హాయిగా తిరగొచ్చు" అన్నా. ఆయన స్క్రీన్ వైపు చూశారు, సముద్రం వైపు చూశారు, "సరేలే" అని ఊరుకున్నారు.

ఆ స్క్రీన్ మీద ఉన్న టైమ్ తప్పు. తప్పు ఫోన్‌ది కాదు, యాప్‌ది కాదు. నాదే. అదెలా జరిగిందో చెప్పే ముందు మనం ఎక్కడ ఉన్నామో చెప్పాలి.

బీటెక్ అయ్యాక కంపెనీ ఆన్‌సైట్ పంపిస్తే సియాటెల్ వచ్చి రెండేళ్లు. పోయిన జూన్‌లో అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు. మాల్స్, స్పేస్ నీడిల్ అన్నీ నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఐదో రోజు నుంచి నాన్న బాల్కనీలో కూర్చుని పార్కింగ్‌లో కార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అందుకే మూడు రోజుల రోడ్ ట్రిప్ వేశా. సియాటెల్ నుంచి పోర్ట్ ఏంజెలిస్, అక్కడి నుంచి 101 హైవే పట్టుకుని లేక్ క్రెసెంట్ ఒడ్డున ఫోర్క్స్ అనే చిన్న ఊరికి. ట్వైలైట్ సినిమాల కథ జరిగే ఊరు అదే. ఫోర్క్స్‌లో రెండు రాత్రులు. ఒక రోజు హో రెయిన్‌ఫారెస్ట్, ఇంకో రోజు రియాల్టో బీచ్. రెండూ ఒలింపిక్ నేషనల్ పార్క్‌లోవే. 1938లో పార్క్ అయింది, 1981లో యునెస్కో లిస్ట్‌లోకి ఎక్కింది.

మన సైట్‌లో ఫోన్లని బెంచ్‌మార్క్ స్కోర్లతో, ల్యాబ్ చార్ట్‌లతో టెస్ట్ చేస్తుంటాం కదా. ఈ మూడు రోజులూ నా జేబులో జరిగిన టెస్ట్ వేరే రకం. మా ముగ్గురి దగ్గర మూడు ఫోన్లు: నాది రెండేళ్ల పాత ఆండ్రాయిడ్ ఫ్లాగ్‌షిప్, అమ్మది నేను వాడి ఇచ్చేసిన పాత ఫోన్, నాన్నది ఇండియాలో కొన్న బడ్జెట్ ఫోన్. హైవే దిగి అడవిలోకి మళ్లాక మూడింటిలోనూ సిగ్నల్ కడ్డీలు ఒక్కటి కూడా లేవు.

అడవిలో ఏం పని చేసింది, ఏం చేయలేదు

హైవే నుంచి హో విజిటర్ సెంటర్‌కి 18 మైళ్లు. రోడ్డు ఆ నది పక్కనే వెళ్తుంది. 2024 డిసెంబర్ వరదలో అదే నది ఈ రోడ్డులో ఒక ముక్కని కోసేసింది. మళ్లీ తెరిచింది 2025 మేలో. ఎండాకాలం పార్కింగ్ నిండిపోతే గేటు దగ్గర గంటల తరబడి లైన్లో ఉండాలి. పొద్దున్నే వెళ్లండి, అంతే.

రెయిన్‌ఫారెస్ట్ అనగానే మనకి అమెజాన్, చెమట, కోతులు గుర్తొస్తాయి. ఇది చల్లటి రెయిన్‌ఫారెస్ట్. ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మన హైదరాబాద్ వానకి నాలుగు రెట్లు అనుకోండి. 200 అడుగులు దాటిన సిట్కా స్ప్రూస్ చెట్లు, మేపుల్ కొమ్మల నుంచి గడ్డాల్లా వేలాడే నాచు. హాల్ ఆఫ్ మాసెస్ అనే ట్రెయిల్ 0.8 మైలు మాత్రమే, అంటే సుమారు 1.3 కిలోమీటర్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అయినా మెల్లగా నడిచేసింది. ఒక చోట పడిపోయిన పెద్ద చెట్టు మీద వరసగా పిల్ల చెట్లు మొలిచి ఉన్నాయి. కింద నేల మీద నాచు, ఫెర్న్‌ల మధ్య విత్తనానికి చోటు దొరకదు, కూలిన మాను మీదైతే దొరుకుతుంది. దీన్ని ఇక్కడ నర్స్ లాగ్ అంటారు. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "చచ్చాక కూడా పిల్లల్ని మోస్తోంది పాపం" అంది.

ఇక మన సంగతికి వద్దాం. చాలామందికి ఇప్పటికీ ఉన్న అపోహ: సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పని చేయదని. జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు. ఫోన్ ఉపగ్రహాల మాట వింటుంది, తిరిగి ఏమీ పంపదు. నెట్ ఉంటే ఉపగ్రహాల వివరాలు ఫటాఫట్ డౌన్‌లోడ్ అయి లొకేషన్ త్వరగా దొరుకుతుంది. లేకపోతే అవే వివరాలని సెకనుకి 50 బిట్ల స్పీడ్‌తో ఉపగ్రహం నుంచే తీసుకోవాలి. 50 బిట్లు! డయల్ అప్ మోడెమ్ కూడా నవ్వుతుంది. అందుకే నా అలవాటు ఏంటంటే, సిగ్నల్ ఉన్న ఊళ్లోనే మ్యాప్ యాప్ తెరిచి, ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకుని, నీలం చుక్క నిలకడగా కూర్చున్నాక ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేస్తా. ఇప్పటి ఫోన్లలో ఏరోప్లేన్ మోడ్‌లో కూడా జీపీఎస్ నడుస్తుంది.

ఏరోప్లేన్ మోడ్ ఎందుకంటే బ్యాటరీ. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. నేను పెట్టా, నాన్న పెట్టలేదు. మధ్యాహ్నానికి నాది 81 శాతం, ఆయనది 46. ఆయన ఫోన్‌లో బ్యాటరీ పెద్దది కూడా. స్పెక్ షీట్‌లో ఐదు వేల ఎంఏహెచ్ చూసి మురిసిపోయే వాళ్లకి ఈ లెక్క అంకితం.

చెట్ల కింద మాత్రం జీపీఎస్ తడబడింది. తడి ఆకులు సిగ్నల్‌ని మింగేస్తాయి, లావు మాన్లకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ ఆలస్యంగా చేరుతుంది. 0.8 మైళ్ల ట్రెయిల్‌ని అమ్మ ఫోన్ 1.1 మైళ్లు అని రాసుకుంది. గీత చూస్తే తాగి నడిచినట్టు ఉంది. నా ఫోన్‌లో ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా ఉంది, 1176 మెగాహెర్ట్జ్‌ది. అది కాస్త నయం, 0.9 చూపించింది. మీరు ట్రెక్కింగ్‌కి వెళ్లే మనిషైతే ఫోన్ కొనేటప్పుడు స్పెక్స్‌లో డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్ ఉందో లేదో చూడండి. రివ్యూల్లో ఆ లైన్‌ని ఎవరూ పట్టించుకోరు, మనతో సహా.

కెమెరా గురించి రెండు ముక్కలు. అడవి లోపల మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది, పైగా అంతా ఆకుపచ్చే. ఆటో మోడ్‌లో వదిలేస్తే నాచు రేడియం స్టిక్కర్‌లా వెలిగిపోతుంది. ఎక్స్‌పోజర్ కొంచెం కిందకి లాగండి. అల్ట్రావైడ్ మీద ఆశ పెట్టుకోకండి, చిన్న సెన్సర్, నాచు అంతా ముద్దగా వస్తుంది. మెయిన్ కెమెరాతోనే తీయండి. వాన చినుకులు పడుతుంటే టచ్ స్క్రీన్‌కి వేలికీ చినుక్కీ తేడా తెలియదు, రెండూ కరెంటుని ఒకేలా లాగుతాయి. వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీయండి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి, అమెరికా నేషనల్ పార్కుల్లో 2014 నుంచి నిషేధం.

ఇక్కడే, హో రివర్ ట్రెయిల్‌లో విజిటర్ సెంటర్ నుంచి మూడు మైళ్లు దాటాక, ఒక నాచు దుంగ మీద చిన్న ఎర్ర రాయి ఉంటుంది. గోర్డన్ హెంప్టన్ అనే సౌండ్ రికార్డిస్ట్ 2005లో పెట్టాడు. వన్ స్క్వేర్ ఇంచ్ ఆఫ్ సైలెన్స్ అంటారు. ఆ ఒక్క చదరపు అంగుళంలో మనుషుల చప్పుడు లేకుండా కాపాడితే చుట్టూ మైళ్ల కొద్దీ నిశ్శబ్దం దానంతట అదే ఉంటుందని ఆయన లెక్క. అమ్మతో అంత దూరం వెళ్లలేకపోయాం. అర మైలు వెళ్లి ఆగి వాయిస్ రికార్డర్ ఆన్ చేశా. రాత్రి హోటల్లో వింటే ఏమీ లేదు! ఫోన్‌లో నాయిస్ రిడక్షన్ నది చప్పుడుని గోల అనుకుని తుడిచేసింది. నాన్న దగ్గు మాత్రం స్టూడియో క్వాలిటీలో ఉంది.

ఒక గంట ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు ఆ రాత్రి హోటల్ గదిలో నేను చేసిన పని.

రియాల్టో బీచ్‌లో ఉత్తరం వైపు ఒకటిన్నర మైళ్లు, అంటే 2.4 కిలోమీటర్లు నడిస్తే హోల్ ఇన్ ద వాల్ వస్తుంది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ కొమ్ములో అలలు తొలిచిన పెద్ద ద్వారం. నీళ్లు బాగా దిగినప్పుడే అందులోంచి అవతలికి వెళ్లగలం. ఈ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. రెండూ సమానంగా ఉండవు, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ. మొత్తం తేడా సుమారు 8 అడుగులు. కాబట్టి అక్కడ నడవాలంటే టైడ్ టేబుల్ తప్పనిసరి.

ఆ టేబుల్ ఇచ్చేది నోవా, అంటే అమెరికా ప్రభుత్వ సముద్ర వాతావరణ సంస్థ. వాళ్ల దగ్గర ఫ్రీ ఏపీఐ ఉంది. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, వెబ్‌సైట్‌లో చూసి కాగితం మీద రాసుకుంటే పరువు పోతుంది. సియాటెల్‌లో ఉన్నప్పుడే పది లైన్ల పైథాన్ స్క్రిప్ట్ రాసి, లా పుష్ స్టేషన్ టైమింగ్స్ లాగి, వాటిని ఒక ఇమేజ్‌గా మార్చి లాక్ స్క్రీన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నా. సిగ్నల్ అక్కర్లేదు, ఫోన్ అన్‌లాక్ కూడా అక్కర్లేదు. ఐడియా ఇప్పటికీ మంచిదే అంటాను.

ఆ ఏపీఐలో టైమ్ జోన్ అని ఒక పారామీటర్ ఉంటుంది. మూడు ఆప్షన్లు: జీఎంటీ, ఎల్ఎస్‌టీ, ఎల్ఎస్‌టీ_ఎల్‌డీటీ. అమెరికాలో మార్చి నుంచి నవంబర్ దాకా గడియారాలు గంట ముందుకి జరుపుతారని మీకు తెలుసు కదా, డేలైట్ సేవింగ్. ఎల్ఎస్‌టీ అడిగితే ఆ గంట కలపని టైమ్ వస్తుంది. మూడోది అడిగితే కలిపే ఇస్తుంది. నేను అడిగింది మూడోదే. అంటే అంతా కరెక్ట్.

కానీ ఆ రోజు మధ్యాహ్నం హో విజిటర్ సెంటర్‌లో బీచ్ నడక జాగ్రత్తల గురించి చదివా. కొన్ని టైడ్ టేబుళ్లలో డేలైట్ సేవింగ్ కలిపి ఉండదు, జూన్‌లో అయితే గంట కలుపుకోవాలి అన్నది దాని సారాంశం. రాత్రి పడుకోబోతూ అది గుర్తొచ్చింది. నా స్క్రిప్ట్‌లో ఏ ఆప్షన్ పెట్టానో గుర్తు రాలేదు. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. హోటల్ వైఫై ఉంది, రెండు నిమిషాల్లో నోవా సైట్‌లో చూసుకోవచ్చు. చూడలేదు. "ఏపీఐలు డిఫాల్ట్‌గా స్టాండర్డ్ టైమే ఇస్తాయిలే" అని నాకు నేనే చెప్పుకుని, ఫొటో ఎడిటర్‌లో 9:12ని 10:12గా మార్చేసి పడుకున్నా.

కలిపిన గంటని మళ్లీ కలిపా. ఆఫీసులో ఇదే బగ్‌ని జూనియర్ కోడ్‌లో చూసి నేను రివ్యూ కామెంట్‌లో క్లాసు పీకిన సందర్భం ఉంది. ఆ కామెంట్ ఏంటో కూడా గుర్తుంది: టైమ్ పక్కన జోన్ రాయకపోతే అది టైమ్ కాదు, ఉత్త నంబర్.

బీచ్ మీద

పొద్దున 8:15కి రియాల్టో పార్కింగ్ నుంచి బయల్దేరాం. ఇసుక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. కాలు దిగబడుతుంది. ఒడ్డు పొడుగునా తెల్లగా ఎండిన చెట్ల దుంగలు, ఒక్కొక్కటి లారీ అంత. పోటు టైంలో అలలు వాటిని పుల్లల్లా ఎత్తి విసురుతాయి, మనుషులు చచ్చిపోతారని బోర్డు పెట్టారు. నాన్న బోర్డు మొత్తం చదివారు. ఉప్పాడ దగ్గర పుట్టి పెరిగిన మనిషి, సముద్రం ఇళ్లని తినడం కళ్లారా చూశారు. ఇలాంటి బోర్డులు ఆయన సీరియస్‌గానే చదువుతారు.

9:30కి ద్వారం దాటాం. కింద రాళ్లు పూర్తిగా బయటపడి ఉన్నాయి. నా లెక్క ప్రకారం నీళ్లు ఇంకా దిగాలి. నిజానికి దిగడం అయిపోయి 18 నిమిషాలైంది.

అవతల ఇంకో ప్రపంచం. రాళ్ల గుంటల్లో నారింజ, ఊదా రంగు స్టార్‌ఫిష్‌లు, తాకితే ముడుచుకునే పచ్చటి ఎనిమోన్లు. అమ్మ ఒక బండ మీద కూర్చుని చిన్నపిల్లలా గుంటలోకి చూస్తూ ఉంది. నేను ఫొటోల్లో పడిపోయా. నాన్న మొదట అడిగింది అప్పుడే.

11 గంటలకి మళ్లీ వచ్చారు. ఈసారి అడగలేదు. "ఇందాక ఆ నల్ల రాయి మొత్తం బయట ఉంది. గుర్తు పెట్టుకున్నా. ఇప్పుడు సగమే ఉంది. పోటు ఎక్కుతోందిరా, నీ ఫోన్ ఏం చెప్పినా సరే. అమ్మని లేపు."

వాదించబోయి ఆగా. రాయి నిజంగానే సగం ఉంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే గంట తేడానే కదా అనిపిస్తుంది. నీళ్లు ఆరు గంటల్లో సమానంగా ఎక్కవు. నావికులు ఒక మోటు సూత్రం వాడతారు: మొత్తం ఎత్తులో మొదటి గంట పన్నెండో వంతు, రెండో గంట రెండు వంతులు, మూడో గంట మూడు, నాలుగో గంట మూడు, తర్వాత మళ్లీ తగ్గుతూ రెండు, ఒకటి. ఆ రోజు ఆటుకీ పోటుకీ తేడా ఏడున్నర అడుగులు. మేం ద్వారం దగ్గరికి తిరిగొచ్చేసరికి 11:30. నా స్క్రీన్ ప్రకారం ఆటు అయ్యి గంటా 18 నిమిషాలు, అంటే నీళ్లు ఒక అడుగు ఎక్కి ఉండాలి. నిజంగా అయింది రెండు గంటలా 18 నిమిషాలు, అంటే దాదాపు రెండున్నర అడుగులు. దాని మీద అలలు.

ద్వారంలో కింద రాళ్లు కనబడటం లేదు. అల వచ్చినప్పుడల్లా నురగ ఒక గోడ నుంచి ఇంకో గోడకి కొడుతోంది. నేను ఒక్కడినైతే పరుగెత్తి దాటేద్దునేమో. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది, ఆ చెయ్యి చల్లగా ఉంది.

ప్రాణం మీదికి వచ్చిందని సినిమా చెప్పను. దారి ఉంది. ఈ తీరంలో కొండ కొమ్ముల పైనుంచి దాటే కాలిబాట ఎక్కడుందో చూపించడానికి చెట్లకి గుండ్రటి ఎరుపు, నలుపు గుర్తులు కొడతారు, బాణాలు వేసే టార్గెట్ బోర్డులా ఉంటాయి. ఆ బాట నా ఆఫ్‌లైన్ మ్యాప్‌లో ఉంది. ఫోన్ ఆ రోజు చేసిన అసలైన మేలు అదే. చిన్న బాటే, కానీ నిటారుగా, బురదగా, చెట్ల వేళ్లే మెట్లుగా ఉంది. అమ్మ మోకాళ్లతో అది ఎక్కడానికీ దిగడానికీ 40 నిమిషాలు పట్టింది. నాన్న ముందు, నేను వెనక. ఒక చోట జారి కూర్చుండిపోయి, "మీ ఇద్దరూ వెళ్లండిరా, నేను నీళ్లు తగ్గాక వస్తా" అంది. నీళ్లు అంతగా తగ్గడానికి సాయంత్రం అవుతుందని నేను చెప్పలేదు.

మధ్యలో నేను శాటిలైట్ ఎస్ఓఎస్ గురించి ఆలోచించా, ఎందుకంటే కొనేటప్పుడు దాని కోసం డబ్బులు పెట్టడం దండగ అనుకున్నా. ఐఫోన్ 14 నుంచి, పిక్సెల్ 9 నుంచి ఆ ఫీచర్ ఉంది. నా ఫోన్‌లో లేదు. ఉన్నా దానికి ఆకాశం కనబడాలి, దట్టమైన చెట్ల కింద మెసేజ్ వెళ్లడం ఆలస్యమవుతుంది, వెళ్లకపోవచ్చు కూడా. పెద్దవాళ్లని తీసుకుని ఇలాంటి చోట్లకి తరచూ వెళ్లేవాళ్లయితే ఆ ఫీచర్ ఉన్న ఫోన్ తీసుకోవడమో, విడిగా శాటిలైట్ కమ్యూనికేటర్ కొనుక్కోవడమో ఇప్పుడు నాకు దండగ అనిపించడం లేదు.

ఇవతల బీచ్‌కి దిగాక అమ్మ ఒక దుంగ మీద కూర్చుని బూట్లలో బురద దులుపుకుంది. నేను జరిగింది మొత్తం చెప్పా, ఫొటో ఎడిటర్‌తో సహా. అమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. నాన్న అడిగారు: "అంటే నీ మిషన్ కరెక్ట్‌గానే చెప్తే నువ్వు దిద్దావా?"

అవును.

ఇంకో చిన్న నష్టం: బురదలో పడినప్పుడు అమ్మ ఫోన్ ఒక ఉప్పునీటి గుంటలో మునిగింది. ఐపీ68 ఫోనే. కానీ ఆ రేటింగ్ పరీక్ష ల్యాబ్‌లో మంచినీళ్లతో చేసేది. ఉప్పునీళ్లు పడితే మంచినీళ్లతో కడిగి, పోర్ట్ పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ పెట్టకూడదు. కారులో ఉన్న బాటిల్ నీళ్లతో కడిగా. మర్నాటిదాకా ఆఫ్‌లో ఉంచి ఆన్ చేస్తే బతికింది. స్పీకర్ మాత్రం ఇప్పటికీ కొంచెం గొంతు బొంగురు.

సాయంత్రం పోర్ట్ ఏంజెలిస్‌లో సిగ్నల్ రాగానే నాన్న నా ఫోన్ అడిగారు. "దీన్లో మన సముద్రానిది కూడా వస్తుందా?" నోవా మన దగ్గరికి రాదు గానీ, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మన తీరానికి ఆటుపోట్ల అంచనాలు వాళ్లే ఇస్తారు. వాళ్ల సైట్ తెరిచి ఇచ్చా. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఏ టైమ్?" అన్నారు.

"ఐఎస్‌టీ నాన్నా. మన దగ్గర ఏడాదంతా ఒకటే టైమ్."

"అయితే దీన్ని నువ్వు ముట్టుకోకు" అని ఫోన్ తన జేబులో పెట్టుకున్నారు.